క్రీడాశిక్షణలో రెండవ తరం
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో చేసిన ప్రసంగ పాఠం)



తమిళదేశంలో ఒక తెలుగు మాధ్యమ పాఠశాల 75 సంవత్సరాలు నిలిచి ఉండడం సామాన్య విషయం కాదు. ఒక తరంవారు మోసిన బరువును మరొక తరంవారు భుజం మార్చుకొంటూ వచ్చినందువల్లనే ఇది సాధ్యమైనది. ఆ భుజం మార్చుకోవడాన్ని గురించి, ఆటల మైదానాన్ని ఆధారంగా తీసుకొని, నాలుగు మాటలు మనవి చేయాలని సంకల్పించాను.

ఒక కళాశాల ఫుట్‌బాల్ జట్టుకు ప్రధాన శిక్షకుడు ఒకరు, ఆయన చేతి కింద సహాయ శిక్షకుడు ఒకరు ఉన్నారనుకొందాం. ప్రధాన శిక్షకుడు పదవీ విరమణ చేసిన నాడు పాలకవర్గం ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. ఎన్నడూ స్వతంత్రంగా జట్టును నడిపి ఎరుగని సహాయకుని ఆ స్థానంలో కూర్చుండబెట్టడమా? లేక అనుభవం గలవారిని బయటి నుండి రప్పించడమా?

ఇది చిన్న ప్రశ్న కాదు. డిగ్రీ చదువు 3 సంవత్సరాలు. అందులో ఒక సంవత్సరం కొత్త శిక్షకుని తడబాటుకు ఖర్చయిపోతే, ఆ విద్యార్థి కళాశాల ఆటలో మూడవ వంతు పోయినట్లే. శిక్షకుడు మరుసటి ఏడు సర్దుకొంటాడు. చదువు ముగించుకొని వెళ్లిన విద్యార్థికి మాత్రం ఆ ఏడు తిరిగి రాదు. అందువల్ల అనుభవం లేనివారిని నియమించే సాహసానికి మూల్యం చెల్లించేది పాలకవర్గం కాదు, పిల్లలు. మరొకవైపు చూస్తే, అవకాశమే ఇవ్వకుంటే అనుభవం ఎక్కడి నుండి వస్తుంది? నీటిలో దిగనివానికి ఈత రాదు గదా!

నా మనవి ఒక్కటే. సహాయకునికి అనుభవం లేకపోవడం చాలా సందర్భాలలో అతని లోపం కాదు. అతడు పక్కన ఉన్నంత కాలమూ అతనికి ఏ నిర్ణయమూ అప్పగించని సంస్థ లోపం.

మన తెలుగునాట ఫుట్‌బాల్ శిక్షణకు పర్యాయపదంగా నిలిచిన మహనీయుడు హైదరాబాదు వాస్తవ్యులు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. 1909లో జన్మించిన ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. కుర్రవాళ్లకు ఒక కాలే అలవాటవుతుందని గమనించి, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు నిర్వహించిన ఉపాధ్యాయుడాయన. 2024లో వచ్చిన ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం ద్వారా ఈ తరంవారికి కూడా ఆయన పరిచయమయ్యారు.

1962 సెప్టెంబరులో జకార్తా విజయం. 1963 జూన్ 11న క్యాన్సర్ వ్యాధితో రహీమ్ గారి అస్తమయం. నడుమ 9 నెలలు మాత్రమే. 1964 ఆసియా కప్పులో మన జట్టు ద్వితీయ స్థానం పొందినప్పుడు శిక్షకుడు ఆంగ్లేయుడైన హ్యారీ రైట్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో హైదరాబాదు వాడైన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వాన కాంస్యం లభించింది. అటు తరువాత ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో మనకు పతకం రాలేదు. ఇందుకు కారణాలనేకం. తక్కిన ఆసియా దేశాలు ముందుకు సాగాయి. మన ఏర్పాట్లు వెనుకబడ్డాయి. అయినా ఒక సంగతి గమనింపదగినది. రహీమ్ గారు తీర్చిదిద్దిన ఆటగాళ్ల పేర్లు నేటికీ చెప్పుకొంటాం. ఆయన పక్కన నిలిచి, ఆయన తరువాత ఆ పద్ధతిని యథాతథంగా నడుపగల రెండవ శిక్షకుడెవరని అడిగితే అంత ప్రసిద్ధమైన పేరు వినిపించదు. ఆటగాళ్ల తరం తయారైనది. శిక్షకుల తరం తయారు కాలేదు.

పెద్ద మర్రి నీడలో మొక్క ఎదగదని మన పెద్దలు అననే అన్నారు. మధుర నుండి వచ్చిన పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు. 1689లో పసివాడైన మనుమడు విజయరంగ చొక్కనాథుని పేర రాణి మంగమ్మ రాజ్యభారం వహించింది. బాటలు వేయించింది, సత్రాలు కట్టించింది, యుద్ధాలను, సంధులను సమర్థతతో నడిపింది. తరువాత రాజ్యం చేతికి వచ్చిన ఆ మనుమడు సాహిత్యపోషణలో పేరు గన్నవాడే కాని, పాలనాదక్షతలో అవ్వకు సాటి రాలేకపోయాడని చరిత్రకారుల అభిప్రాయం. సమర్థులు పాలించిన కాలం వేరు, సమర్థులను తయారు చేసిన కాలం వేరు. రెండూ ఒకటేనని భ్రమపడరాదు.

మళ్లీ మైదానానికి వద్దాం. ‘అనుభవం చాలదు’ అనే మాట కొన్నిచోట్ల నిజమైన కారణం. కొన్నిచోట్ల వట్టి సాకు. ఖాలిద్ జమీల్ గారి సంగతి చూడండి. 2017లో ఐజ్వాల్ జట్టును ఐ-లీగ్ విజేతగా నిలిపిన శిక్షకుడాయన. అయినా ఆ తరువాత నార్త్‌ఈస్ట్ యునైటెడ్ జట్టులో విదేశీ శిక్షకుని కింద సహాయకుడుగా ఉన్నారు. 2021 జనవరిలో ఆ విదేశీయుడు వైదొలగినందున తాత్కాలికంగా పగ్గాలు ఈయన చేతికి వచ్చాయి. జట్టును ప్లేఆఫ్ దశకు చేర్చారు. అదే సంవత్సరం పూర్తిస్థాయి ప్రధాన శిక్షకులయ్యారు. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఒక భారతీయునికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. 2025 ఆగస్టులో ఆయనకే భారత జట్టు బాధ్యతను అప్పగించారు. ఆ అవకాశం ఏర్పాటు వల్ల రాలేదు. ఖాళీ వల్ల వచ్చింది. మన సంస్థలలో సహాయకుల అదృష్టం ఇట్లా ఖాళీల మీద ఆధారపడి ఉండడమే విచారకరం.

దీనికి రెండవ ముఖం కూడా ఉన్నది. హైదరాబాదు ఎఫ్.సి. జట్టు 2022లో ఇండియన్ సూపర్ లీగ్ విజేత. తరువాత ఆర్థికంగా చితికిపోయింది. 2023-24లో సహాయక స్థానం నుండి వచ్చిన థాంగ్‌బోయ్ సింగ్టో గారు జట్టు భారం మోశారు. జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కరొక్కరే వెళ్లిపోగా, మిగిలిన కుర్రవాళ్లతో ఆడి, జట్టు పట్టికలో చివరి స్థానం పొందింది. ఆయన అంతకు ముందు షిల్లాంగ్‌లో జట్టును స్వతంత్రంగా నడిపినవారే. అనుభవం ఉన్నా, సంస్థ చేయూత లేనప్పుడు శిక్షకుడు ఏమి చేయగలడు? మునిగే పడవ చుక్కాని చేతికిచ్చి, మునిగిన తరువాత నావికుని నిందించడం న్యాయం కాదు.

కళాశాల క్రీడలకు అత్యధిక ప్రాధాన్యమిచ్చే దేశం అమెరికా. అక్కడ ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు; కోడిగ్రుడ్డు ఆకారం గల బంతిని చేత పట్టుకొని పరుగెత్తే ఆట. ఒక్కొక్క పెద్ద విశ్వవిద్యాలయ జట్టుకు పదిమందికి తక్కువ కాని సహాయ శిక్షకులుంటారు. కనుక మన ప్రశ్న అక్కడ ఏటేటా తలెత్తుతుంది.

2008 అక్టోబరులో క్లెమ్సన్ విశ్వవిద్యాలయం ప్రధాన శిక్షకుడు ఆట కాలం మధ్యలో తప్పుకొన్నాడు. ఒక చిన్న విభాగానికి శిక్షకుడైన డాబో స్వినీకి తాత్కాలికంగా బాధ్యత ఇచ్చారు. మిగిలిన ఆటలను పరీక్షగా భావించి, పిమ్మట స్థిరపరిచారు. 2010లో ఆ జట్టు 6 ఆటలు గెలిచి 7 ఓడింది. అయినా పాలకులు తొందరపడలేదు. 2016లోను, 2018లోను అదే శిక్షకుని కింద జాతీయ విజేత అయినది. నోటర్ డామ్ విశ్వవిద్యాలయం 2021 డిసెంబరులో 35 ఏండ్ల మార్కస్ ఫ్రీమన్‌ను సహాయక స్థానం నుండి పైకి తెచ్చింది. మొదటి 3 ఆటలూ ఓటమే. అయినా నమ్మకం సడలలేదు. ఒహాయో స్టేట్‌లో ర్యాన్ డే 2018లో ప్రధాన శిక్షకుడు లేని 3 ఆటలకు తానే బాధ్యత వహించి, ఆ ఏడు చివర వారసుడుగా ఎంపికయ్యాడు. 2025 జనవరి 20న జాతీయ తుది పోటీలో తలపడినవి ఈ రెండు జట్లే. ఒహాయో స్టేట్ 34-23 తేడాతో గెలిచింది. గెలిచినవాడు, ఓడినవాడు ఇరువురూ సహాయక స్థానం నుండి పైకి వచ్చినవారే!

ఇది చూసి, సహాయకుని పైకి తెస్తే చాలు, విజయం తథ్యం అనుకోరాదు. 1989లో జార్జియా విశ్వవిద్యాలయం తన పూర్వ క్రీడాకారుడు, సహాయ శిక్షకుడు అయిన రే గాఫ్‌ను పైకి తెచ్చింది. 7 ఏండ్లలో 46 గెలుపులు, 34 ఓటములు, ఒక సమాన ఫలితం. ఆ సంస్థకు అది చాలలేదు, తొలగించారు. నోటర్ డామ్‌లోనే 1997లో పైకి వచ్చిన బాబ్ డేవీ 5 ఏండ్లలో 35 గెలిచి 25 ఓడి నిష్క్రమించాడు. కనుక పైకి తేవడం తప్పూ కాదు, ఒప్పూ కాదు. ఎవరిని, ఏ పరీక్ష తరువాత, ఏ చేయూతతో పైకి తెచ్చామన్నదే ప్రశ్న.

మన సంగతికి వస్తే, ఈ ప్రాంతానికి వ్యాయామ విద్యలో మంచి సంప్రదాయమే ఉన్నది. 1920లోనే మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాల ఏర్పడింది. కోయంబత్తూరులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి కుమారులు 1926లో నెలకొల్పిన ధర్మసంస్థ విద్యతో పాటు క్రీడలనూ పోషించింది, పి.ఎస్.జి. ట్రోఫీ బాస్కెట్‌బాల్ పోటీల పేరు దేశమంతటా తెలిసినదే. యోగ్యతాపత్రాలు గల యువకులకు మనకు కొరత లేదు. యోగ్యతాపత్రం విద్యాలయం ఇస్తుంది. నిర్ణయించే అలవాటు మాత్రం మైదానమే ఇవ్వాలి.

కాబట్టి పాలకవర్గంవారికి సవినయంగా కొన్ని సూచనలు. ఒకటి: చిన్న తరగతుల జట్టును పూర్తిగా సహాయ వ్యాయామోపాధ్యాయునికే వదలండి. 11 మందిని ఎన్నుకొనేది అతడే, ఓడితే సమాధానం చెప్పేదీ అతడే కావాలి. రెండు: ఏటా కొన్ని ఆటలకు పెద్ద జట్టును కూడా అతడే నడపాలి; ఆ రోజు పెద్దాయన ప్రేక్షకుల నడుమ కూర్చోవాలి. మూడు: బాధ్యత అప్పగించిన పిదప మొదటి ఓటమికే మార్చకండి, కాని పిల్లల సంవత్సరాలు వృథా అవుతున్నవని తోచినప్పుడు మొగమాటపడకండి. నాలుగు: చెప్పక తప్పదు గనుక చెబుతున్నాను. పరాయి నేలపై ఉన్న మనకు ‘మనవాడు’ అనే మాట మీద మమకారం ఎక్కువ. బంధుత్వం, కులం, సేవాకాలం - ఇవేవీ శిక్షకుని అర్హతలు కావు. మనవాడైనందుకు ఇవ్వనూ వద్దు, మనవాడైనందుకు మానుకోనూ వద్దు.

మైదానాన్ని గురించి చెప్పినదంతా తరగతి గదికి కూడా వర్తిస్తుంది. మన పిల్లలలో చాలామంది ఇంట తెలుగు మాటలాడుతారు; వీధిలో తమిళం; అక్షరాలు నేర్చుకొనేది ఇక్కడ మాత్రమే. తెలుగు పండితులొకరు పదవీ విరమణ చేసిన తరువాత వారసుని వెదకడం చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకోవడమే. ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు లేకుంటే ఒక ఏడు పోతుంది. తెలుగు చెప్పేవారు లేకుంటే ఒక తరమే పోతుంది.

నేడు వేదికపై పెద్దలకు శాలువలు కప్పి సత్కరించుకొన్నాం. అది మన ధర్మం. వారి వెనుక వరుసలో నిలుచున్న యువ ఉపాధ్యాయులకు రేపటి నుండి ఒక్కొక్క బాధ్యతను సంపూర్ణంగా అప్పగించడం కూడా ఈ జూబిలీ కార్యక్రమాలలో భాగమైతే, శతజయంతి నాడు ఈ వేదిక నిండుగా ఉంటుంది.