శ్రోత హృదయము – బృందచర్చ



ఒక నాటకమును ఎందరు చూచిరో టిక్కెట్ల లెక్క చెప్పును. అందు కొందరు నడుమనే ఎందుకు లేచిపోయిరో ఆ లెక్క చెప్పజాలదు. సంఖ్య వేరు, కారణము వేరు. ఆ కారణమును వెదకు సాధనములలో ఒకటి ఫోకస్ గ్రూపు. అనగా ఒకే విషయముపై కొలదిమందితో జరుపు చర్చ.

దీని పుట్టుక రేడియోతో ముడిపడియున్నది. 1941లో న్యూయార్కు నగరమున కొలంబియా విశ్వవిద్యాలయ పండితుడు పాల్ లాజర్స్‌ఫెల్డ్ రేడియో శ్రోతలను పరీక్షించుచుండెను. నచ్చినప్పుడు ఆకుపచ్చ మీటను, నచ్చనప్పుడు ఎఱ్ఱమీటను శ్రోతలు నొక్కుచుండిరి. దానిని చూడవచ్చిన రాబర్ట్ మెర్టన్, ఎప్పుడు నొక్కిరో యంత్రము చెప్పినను, ఎందుకు నొక్కిరో నేర్పుగా అడిగిననేకాని తెలియదని గ్రహించెను. ఆ విధానమే 1946లో వ్యాసముగను, 1956లో గ్రంథముగను వెలువడినది.

ఆ 1956లోనే ఆకాశవాణి, యునెస్కో సహాయముతో, పూనా ప్రాంతపు ఐదు జిల్లాలలో రేడియో గ్రామీణ వేదికలను నడపెను. గ్రామస్థులు వారమునకు రెండుమార్లు కలిసి విని, చర్చించి, తమ సందేహములను వ్రాసి పంపిరి. ఇది విద్యాప్రయోగమేకాని ఫోకస్ గ్రూపు కాదు. అయినను రేడియో మాత్రమే గల గ్రామములకంటె, చర్చకూడ జరిగిన గ్రామములలో విషయజ్ఞానము హెచ్చుగా పెరిగినట్లు పరిశీలనలో తేలినది. నోరు విప్పు అవకాశము గల శ్రోత శ్రద్ధగా వినును.

బృందచర్చను తలపెట్టువారు ముందుగా, దాని ఫలితమును బట్టి ఏ నిర్ణయము చేయవలసియున్నదో తేల్చుకొనవలెను. పిదప ఆరుగురు మొదలు పదిమంది వరకు పిలువవలెను. కామందు ఎదుట పాలేరు, అత్తగారి ఎదుట కోడలు, పై అధికారి ఎదుట గుమాస్తా మనసు విప్పరు. కావున సమానస్థితి గలవారిని ఒకచోటను, ఇతరులను వేరొకచోటను కూర్చుండబెట్టవలెను. కార్యక్రమమును రూపొందించినవారు అక్కడ ఉండరాదు. ఉన్నచో విమర్శ మర్యాదగా మారును.

నిర్వాహకుడు “బాగున్నదా?” అని అడుగరాదు, “ఏ ఘట్టమున మీ మనస్సు తొలగినది?” అని అడుగవలెను. వాచాలుని మృదువుగా ఆపి, సంకోచించువానికై కొంతసేపు మౌనము వహింపవలెను. మాటలు వ్రాసికొనుటకు వేరొకరు కావలెను. గంటన్నర చాలును. క్రొత్తమాట వినరాని వరకు ఇట్టి చర్చలు మరికొన్ని జరుపవలెను.

అయితే ఎనిమిదిమందిలో ఆరుగురికి నచ్చినదని, నూటికి డెబ్బదియైదుగురికి నచ్చినట్లు ప్రకటింపరాదు. బృందచర్చ ఊహల నందించును. వాని విస్తృతిని తేల్చునది గణనమే. ఈ హద్దును మెర్టన్ పండితుడే 1987లో నొక్కిచెప్పెను.

తెలుగునేలకు దూరముగా నున్న సాంస్కృతిక సంఘములకు ఇది అక్కరకు వచ్చు విద్య. వార్షికోత్సవ కార్యక్రమమును నిర్ణయించువారు పెద్దలు. క్రమముగా రాక మానువారు పిల్లలు. తెలుగు మాటాడవచ్చినను చదువనేరని యువతీయువకులను ఎనిమిదిమందిని వేరుగా కూర్చుండబెట్టి, వారికి పరాయివాడు కాని, ఉపదేశింపని ఒక నిర్వాహకుని నియమించినచో, సభాస్థలిలో ఖాళీ కుర్చీలు చెప్పలేని సంగతి వారు చెప్పగలరు. ఆ మాట పెద్దలకు రుచింపకపోవచ్చును. దానిని వినుటకు సిద్ధపడినవారే ఈ చర్చను తలపెట్టవలెను.