ఇసుక నేలలో వంటచెరకు పంట
(పంచాయతి సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కోనసీమలో వంటచెరకును గూర్చి ప్రసంగించుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. అమలాపురము, కొత్తపేట ప్రాంతములలో కొబ్బరితోట గల ఇంట మట్టలకును, డొక్కలకును లోటు లేదు. వంటగ్యాసు చాల ఇండ్లకు వచ్చినది. మన కాళ్ళక్రిందనే సహజవాయువు కలదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండుట చూచినవారు ఈ సభలోనే ఉందురు. అయితే భూమిలోని వాయువును ఒకసారి తీసిన మరల పుట్టదు. చెట్టు అట్లు కాదు. నరికినచోట మరల నాటుకొనవచ్చును. ఇటుకబట్టీలకు, హోటళ్ళకు, పెండ్లి వంటలకు, కాగితపు మిల్లులకు కర్ర నేటికిని కావలసియే యున్నది.

అంతర్వేది మొదలు ఓడలరేవు, ఎస్. యానాము వరకు గల సముద్రతీరపు ఇసుకలో ఆ కర్రను పండించు చెట్టు సరుగుడు. ఇది మన తీరమున సహజముగ పుట్టిన చెట్టు కాదు. గత శతాబ్దికి ముందటి శతాబ్దిలో చెన్నరాజధాని తీరమున రైలు ఇంజనులకు కట్టెలకై దీనిని తోటలుగా పెంచిరి. రైలింజనులు మారినవి కాని చెట్టు మనలో నిలిచిపోయినది. దీని వేళ్ళ బుడిపెలలో ‘ఫ్రాంకియా’ అను సూక్ష్మజీవి నివసించి గాలిలోని నత్రజనిని చెట్టునకు అందించును. అందుచేతనే మరి యే పైరును నిలువని ఇసుకలో ఇది నాలుగైదేండ్లలో నరుకుటకు వచ్చును. కర్ర గట్టిది; పచ్చిగా నున్నను మండును; నిప్పు చాలసేపు నిలుచును.

ఇంత మంచి కర్రతో విద్యుత్తునే తీయరాదా అని కొందరు సభ్యులు మమ్ము అడిగియున్నారు. తీయవచ్చును. కాని లెక్క చూడుడు. యూనిటుకు సుమారు కిలోంబావు కర్ర కావలెను. ఒక్క మెగావాటు యంత్రము రాత్రింబగళ్ళు నడచినచో దినమునకు 30 టన్నులు, ఏడాదికి 300 దినములకు 9,000 టన్నులు తినును. ఎకరమునకు అయిదేండ్లకు 40 టన్నులు వచ్చునని అనుకొన్నను, ఏడాదికి 8 టన్నులే. ఆ ఒక్క యంత్రమునకు పదకొండు వందల ఎకరములకు పైగా తోట కావలెను! సెంటుభూమికి తగవుపడు మన సీమలో ఇది పొసగునా? కర్రను పొయ్యికి, బట్టీకి, వాసమునకు వినియోగించుటయే మన నేలకు తగినదని మా అభిప్రాయము.

ఇక అసలు సంగతి. ధర బాగున్న ఏడు తోటనంతయు ఒక్కసారి కొట్టివేయుట కొన్ని గ్రామములలో అలవాటైనది. కొట్టిన నేల రొయ్యల చెరువు అగుటయు కలదు. 1996 నవంబరు 6వ తేదీ తుపానును మరచితిరా? సరుగుడు వరుస ఉప్పెనను ఆపునని మేము చెప్పము. గాలి వేగమును తగ్గించును, ఇసుక ఊరిమీదికి కదలకుండ పట్టియుంచును. ఆ వరుస వెనుకనున్నవి మన కొబ్బరితోటలు, పాకలు. కావున సముద్రమునకు ఎదురుగానుండు ముందు వరుసను ఏ ధరకును అమ్మరాదు. మిగిలిన తోటను అయిదు పట్టీలుగా విభజించి ఏటికొకటి చొప్పున నరుకవలెను. సుబాబులు, జామాయిలు మోడునుండి చిగిర్చును. మన సరుగుడు అట్లు చిగిర్చుట అరుదు. నరికిన ఏడే మొక్క నాటనిచో అది పంట కాదు, ఉన్న ఆస్తిని తినివేయుటయే.

ఒక్క మాట. అలల అంచువరకు మొక్కలు నాటవలదు. చలికాలమున తాబేళ్ళు గుడ్లు పెట్టుటకు ఆ బోడి ఇసుక కావలెను.

1994 నాటి పంచాయతిరాజ్ చట్టమునుబట్టి మేత పోరంబోకులు, తోపులు మొదలగు కొన్ని పోరంబోకులు మీ పంచాయతి అధీనమున నున్నవి. తోపును వేలమువేసినపుడు వచ్చిన సొమ్ములోనుండి తిరిగి నాటుటకును, మొదటి వేసవిలో దొరువునుండి నీరు మోయువారి కూలికిని ముందుగనే ప్రత్యేకించి, తీర్మానపు పుస్తకములో వ్రాయుడు. తరువాత తీయుదమన్న సొమ్ము మిగులదు.

తోటలో రాలిన ఆకును ఊడ్చుకొనిపోవు పేద స్త్రీలను తరిమివేయుట న్యాయము కాదు. వారి పొయ్యికి అదే ఆధారము. అంతయు ఊడ్చిన నేల నిస్సారమగును. అంతయు వదలిన వేసవిలో ఒక్క బీడీముక్కకు తోట తగులబడును. నరుకుటకు వచ్చిన పట్టీలో ఊడ్చుకొనుటకు వారికి అనుమతి నిచ్చి, లేతతోటను వదలివేయుమని చెప్పినచో ఇరువురికిని మేలు.

జులై వానలకు మొక్క నాటవలెనన్న, విత్తనము మాఘమాసముననే నారుమడిలో పడవలెను. అది మిక్కిలి సన్ననిది, చీమలు మోసికొనిపోవును. మడిచుట్టు కాపు పెట్టుట మరువకుడు.