చెవులతో చూసిన నాటకం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం చదువుకున్న రోజుల వినోదాల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. తోలుబొమ్మలాట, హరికథ, టూరింగు టాకీసు, ఏది తలుచుకున్నా బాగానే ఉంటుంది. అయితే వాటిలో చాలావాటిని ఇప్పుడు తలుచుకోగలమే గాని మళ్ళీ అనుభవించలేం. రేడియో నాటకం సంగతి వేరు. అర్ధ శతాబ్దం కిందటి రికార్డింగును ఈ రాత్రి సెల్‌ఫోనులో పెట్టుకుని వినండి. అది ఇప్పటికీ మనల్ని కూర్చోబెడుతుంది. ఎందుకు కూర్చోబెడుతుందో నాకు తోచినంతలో చెబుతాను.

1938లో మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాయి. దక్కన్ రేడియోగా ఉన్న హైదరాబాదు కేంద్రం 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఈ కేంద్రాల చుట్టూ గొప్ప రచయితలు, నటులు చేరారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి రేడియో కోసం నాటికలు రాశారు. బుచ్చిబాబు ఆకాశవాణిలోనే ఉద్యోగం చేశారు. రంగస్థలం మీద పేరు మోసిన బందా కనకలింగేశ్వరరావు విజయవాడ కేంద్రంలో పనిచేశారు. చిలకమర్తి వారి ‘గణపతి’ నవల అక్కడి నుంచే నాటకమై వచ్చి ఇంటింటినీ నవ్వించింది. వచ్చిన ప్రతి నాటకమూ గొప్పదని నేననను. నిలిచినవి మాత్రం గట్టిగా నిలిచాయి.

చలం ‘పురూరవుడు’ సంగతి చూడండి. హైదరాబాదు కేంద్రం కళాకారిణి శారదా శ్రీనివాసన్ గారు అందులో ఊర్వశి. ఇప్పుడు ఆలోచించండి, అప్సరసను రంగస్థలం మీద చూపించాలంటే ఎవరిని తేవాలి? ఎంత అందగత్తెను తెచ్చినా, వెనక బెంచీ నుంచి ఒకడు “ఈవిడా ఊర్వశి!” అంటాడు. రేడియోలో ఆ బాధ లేదు. గొంతు ఒక్కటే వస్తుంది, మిగతా ఊర్వశిని ఎవరి మనసు వాళ్ళు తయారు చేసుకుంటారు. లక్షమంది వింటే లక్షమంది ఊర్వశులు. సగం పని వినేవాడికి వదిలేయడమే ఈ నాటకం బలం. మనం చేసిన పనిని మనం అంత సులువుగా మరిచిపోం.

ఈ కిటుకును బీబీసీ వాళ్ళు 1924లోనే పట్టారు. రిచర్డ్ హ్యూజ్ రాసిన ‘ఎ కామెడీ ఆఫ్ డేంజర్’ రేడియో కోసమే పుట్టిన తొలి నాటకాల్లో ఒకటి. కథ బొగ్గుగనిలో జరుగుతుంది. మొదట్లోనే దీపాలు ఆరిపోతాయి. పాత్రలకూ ఏమీ కనబడదు, వినేవాళ్ళకూ కనబడదు. కనబడకపోవడం అనే లోటునే ఆయన కథగా మార్చేశాడు.

స్టూడియోలో ఈ మాయకు వాడిన సరంజామా వింటే నవ్వొస్తుంది. గుర్రం పరుగుకు రెండు కొబ్బరి చిప్పలు. మంటల చిటపటకు నలిపిన సెల్లోఫేన్ కాగితం. మైకు దగ్గర గుసగుసగా మాట్లాడితే మన చెవిలో రహస్యం చెప్పినట్టుంటుంది. మాట్లాడుతూ మైకు నుంచి నాలుగడుగులు వెనక్కి వేస్తే మనిషి వీధిలోకి వెళ్ళిపోయినట్టే. చేతిలో కాగితాలు ఉంటాయి, పేజీ తిప్పిన చప్పుడు మాత్రం వినబడకూడదు. రాజు వేషానికి కిరీటం అక్కర్లేదు, గొంతులో రాజు ఉంటే చాలు. పాత సినిమా చూస్తే మేకప్పూ జుట్టు తీరూ దాని వయసు చెప్పేస్తాయి. గొంతుకు ఆ వయసు అంత త్వరగా అంటదు.

ఇక్కడ ఒక నష్టం గురించి కూడా చెప్పాలి. తొలి రోజుల్లో చాలా నాటకాలు నేరుగా ప్రసారమై గాలిలో కలిసిపోయాయి. తర్వాత టేపులొచ్చినా అవి ఖరీదైనవి, పాతదాన్ని చెరిపి దాని మీదే కొత్తది రికార్డు చేయడం మామూలు. బీబీసీ కూడా అలాగే ఎన్నో పోగొట్టుకుంది. మిగిలినవాటిలో కొన్ని కేంద్రాల భద్రతలోనూ, కొన్ని శ్రోతలు ఇంట్లో రికార్డు చేసుకున్న క్యాసెట్లలోనూ ఉన్నాయి. క్యాసెట్టు టేపు ఏళ్ళ తరబడి అలాగే ఉండదు. అతుక్కుంటుంది, బూజు పడుతుంది. మీ అటకల మీద అలాంటివి ఉంటే ఈ సంవత్సరమే దించి డిజిటల్‌లోకి మార్పించండి. వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.

రెండో మనవి మన బడికి సంబంధించింది. వార్షికోత్సవంలో నాటకం వేయాలంటే తెర, దుస్తులు, అద్దె లైట్లు కావాలి. చురుకైన పదిమందికే వేషాలు దొరుకుతాయి. రేడియో నాటకానికి ఒక గది, ఒక ఫోను చాలు. జనం ముందు నిలబడితే కాళ్ళు వణికే పిల్లవాడు కూడా అందులో రాజు కావచ్చు. చూపు లేని పిల్ల కథానాయిక కావచ్చు, వినేటప్పుడు మిగతావాళ్ళతో సమానంగా అంతా అందుకోవచ్చు. తెలుగు మాటను ఎక్కడ విరవాలో, ఎక్కడ ఆపాలో, ఏ ఒత్తు ఎలా పలకాలో పిల్లలకు నోటికి పడుతుంది. తెలుగు మాస్టార్లకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

నెలకొక శనివారం అరగంట, పాతది ఒకటి వినిపించడం, పిల్లలతో ఒకటి చేయించడం. దీనికయ్యే మైకు, స్పీకర్ల ఖర్చు మన సంఘం భరించాలని ఈ సభలో ప్రతిపాదిస్తున్నాను. కార్యవర్గం ఒప్పుకుంటే మొదటి నెల నాటకం ఎంపిక, పిల్లలకు తర్ఫీదు నేనే చూసుకుంటాను.