రాబడి పద్దు – మరణాల పద్దు



ఇంటి జమాఖర్చుల పుస్తకంలో జమ మాత్రమే రాసి, ఖర్చు రాయకపోతే ఆ లెక్కను ఎవరైనా ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. మద్యం మీద రాష్ట్రానికి వచ్చే రాబడి విషయంలో మాత్రం మనం అలాంటి లెక్కతోనే సరిపెట్టుకుంటున్నాం.

ముందు జమ సంగతి చూద్దాం. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చాక రాష్ట్రాల పన్నులు చాలావరకు అందులో కలిసిపోయాయి. రాష్ట్రం తనంతట తాను పెంచుకోగలిగినవి కొన్నే మిగిలాయి. పెట్రోలు, డీజిలు మీద వ్యాట్, స్టాంపులు, రిజిస్ట్రేషన్లు, వాహనాల పన్ను, విద్యుత్ సుంకం, ఆపైన మద్యం. తాగే మద్యాన్ని రాజ్యాంగమే వస్తు సేవల పన్నుకు వెలుపల ఉంచింది. అందుకే ఇటు మహారాష్ట్రకైనా, అటు తెలంగాణకైనా సీసా మీద వచ్చే సొమ్ము పెద్ద ఆసరా. దాని లెక్క పైసలతో సహా ఉంటుంది.

ఇక ఖర్చు. కొన్నేళ్ల కిందట నా తరగతిలో చదివే ఒక పిల్లవాడి తండ్రి చనిపోయాడు. ఏళ్ల తరబడి తాగి, కాలేయం చెడి, కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి, ఇంట్లోనే కన్నుమూశాడు. మరణ నమోదు ఫారం మరాఠీలో ఉంది. ఆ తల్లికి తెలుగు తప్ప రాదు. నా దగ్గరికి తెచ్చి, "గుండె ఆగిందని రాయండి గురూజీ, ఆడపిల్ల పెళ్లి కావాల్సి ఉంది" అంది. అలాగే రాశాను.

గుండె ఆగడం మరణానికి కారణం కాదు. ఏ రోగంతో పోయినా చివరికి ఆగేది గుండే. ఎందుకు ఆగిందన్నదే కారణం. అంటే ఆ రోజు నా చేత్తో నేనే ఒక ఖర్చు పద్దును కొట్టేశాను.

ఈ దాపరికం కొత్తది కాదు. పూర్వం లండన్ నగరంలో, ప్లేగు ఎక్కడెక్కడ పాకుతున్నదో తెలియడానికి, వారం వారం ఎవరు దేనితో చనిపోయారో అచ్చువేసి పంచేవారు. శవాన్ని చూసి కారణం చెప్పే పని ముసలమ్మలది. జాన్ గ్రాంట్ అనే వ్యాపారి 1662లో ఆ పట్టికలన్నీ పరిశీలించి పుస్తకం రాశాడు. ఒక గిన్నెడు బీరు తాగించి, చేతిలో నాలుగు డబ్బులు పెడితే, సుఖవ్యాధితో పోయినవారిని క్షయతో పోయినట్లు చెప్పేవారని అందులో బయటపెట్టాడు. పరువు కోసం పద్దు మార్చడం అక్కడా ఉండేదన్నమాట.

మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అయినా 2020లో నమోదైన సుమారు 81 లక్షల మరణాల్లో, వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే.

దీనివల్ల నష్టమేమిటంటారా? నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో సారాపై తిరగబడ్డారు. ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించినప్పుడు ఖజానాకు కలిగిన నష్టాన్ని అంకెలతో చూపారు. ఇళ్లలో ఆగిన చావులను అంకెలతో చూపాలంటే, గుండె ఆగిందని రాసిన రిజిస్టర్లు ఏం చెప్పగలవు?

నిషేధం ఉండాలా, వద్దా అని నేను ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. ఎటు తేల్చాలన్నా రెండు పద్దులూ ఎదురుగా ఉండాలంటున్నాను.

చివరగా ఒక ముఖ్యమైన మాట. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించండి. పల్లెలో గ్రామపంచాయతీలో, భోకర్ వంటి పట్టణంలో నగర పరిషత్తులో ఆ పని జరుగుతుంది. వైద్యం చేసిన డాక్టరును అడిగి, అసలు కారణమే రాయించండి. పరువు పోతుందన్న భయం వద్దు. కారణం రిజిస్టరులోనే ఉంటుంది. మీ చేతికిచ్చే మరణ ధ్రువపత్రంలో దాన్ని చూపకూడదని ఆ చట్టంలోనే ఉంది. పెళ్లివారికి గానీ, బ్యాంకువారికి గానీ ఆ పత్రంలో అది కనబడదు.

ఈ సంగతి ఆనాడు నాకు తెలిసి ఉంటే, ఆ తల్లికి నచ్చజెప్పి నిజమే రాసేవాణ్ణి. అందుకే ఇవాళ మీకు చెబుతున్నాను.