మందుచీటీకి ముందు నీళ్ల సంగతి

ఆరోగ్యశాస్త్రాల పట్టాలు అందుకుంటున్న మిత్రులారా, రాయదుర్గం చుట్టుపక్కల మీ దగ్గరికొచ్చే పెద్దవాళ్లు మోకాళ్లు లాగుతున్నాయనో నడుము పట్టేసిందనో అంటారు. వయసు మీద పడిందని నాలుగు నొప్పిమాత్రలు చేతిలో పెట్టడం తేలిక. నా అభ్యంతరం అక్కడే. ఈ మెట్టసీమలో ఎముకలను దెబ్బతీసేది వయసొక్కటే కాదు. "ఏ నీళ్లు తాగుతున్నారవ్వా?" అన్నది మీ మొదటి ప్రశ్న కావాలి.

1937లోనే షార్ట్ అనే వైద్యుడి బృందం అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వెన్ను కర్రలా బిగుసుకుపోయినవాళ్లను పరీక్షించి, కారణం బావినీటిలోని ఫ్లోరైడని తేల్చింది. వానలు మొహం చాటేసి బోర్లు లోతుకు దిగేకొద్దీ, రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఫ్లోరైడును కరిగించుకున్న నీరే మన బిందెల్లోకి వస్తుంది. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదన్నది మన ప్రమాణం. వేరే దారి లేనిచోట ఒకటిన్నర. కాచితే ఫ్లోరైడు పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఒంట్లో చేరిన ఫ్లోరైడును బయటికి పంపేవి మూత్రపిండాలు. నొప్పిమాత్రలు ఏళ్లపాటు మింగితే దెబ్బతినేవీ అవే. అంటే, కారణం అడగకుండా ఇచ్చిన మాత్ర జబ్బుకే ఊతమవుతుంది.

ఇక తిండి. 2007లో వెలువడిన తిరుపతి స్విమ్స్ పరిశోధనలో పల్లెల్లోనూ పట్నంలోనూ జనం తీసుకునే కాల్షియం అవసరానికన్నా చాలా తక్కువని తేలింది. పేదవాళ్లు పాలెక్కడ కొంటారని అడగవచ్చు, న్యాయమైన ప్రశ్నే. కానీ వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో పది కూడా ఉండదు. వేరుశనగ సాగు, రేషన్ బియ్యం కలిసి మన కంచంలోంచి రాగి సంగటిముద్దను పక్కకు నెట్టాయి. ఒక్క పూటైనా అది తిరిగి రావాలి. ఒంట్లో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడు చేసే చెరుపూ ఎక్కువే.

తిండితో పాటు వ్యాయామమూ కావాలంటే, చేలో ఒళ్లు వంచేవాళ్లకు మళ్లీ అదెందుకని ఇంకొందరంటారు. గంటలకొద్దీ వంగి కలుపు తీయడం మోకాలికి భారమే తప్ప తొడ కండరానికి బలం కాదు. మన రాయదుర్గంలో జీన్స్ కుట్టే గదుల్లో పొద్దంతా కూర్చునేవాళ్లకైతే ఎముకలకు కావాల్సిన ఎండ కూడా కరువే. కుర్చీలో కూర్చుని కాలు చాపి, కాసేపు అలాగే ఉంచి దించడం నేర్పండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఆపరేషన్ ఉందిగా అంటారా? అరిగిన మోకీలు మార్చవచ్చు, మార్చాల్సినప్పుడు మార్చాల్సిందే. ఫ్లోరైడుతో బిగిసిన వెన్నును మాత్రం ఏ శస్త్రచికిత్సా మునుపటిలా వంచలేదు. కాబట్టి ఎక్స్-రేతో పాటు ఆ ఇంటి బోరు నీటినీ పరీక్షకు పంపండి.