'క్రాసు' అను ఒక్క మాట
(ప్రసంగ పాఠము)



మారతహళ్ళిలో ఇంటి జాడ చెప్పవలెనన్న 'క్రాసు' అను మాట లేనిదే పని జరుగదు. పెద్ద వీధి మెయిను. దానినుండి అడ్డముగా చీలిన చిన్న వీధి క్రాసు. 1898 నాటి ప్లేగు పిమ్మట వెలసిన మల్లేశ్వరములో నేటికిని 8వ క్రాసు, 15వ క్రాసు అనియే వ్యవహరింతురు.

ఈ మాటకు మూలము లాటిను భాషలోని 'క్రుక్స్'. సిలువ అని అర్థము. ఇంగ్లీషులో అది శాఖోపశాఖలుగా పెరిగినది. ఏసుక్రీస్తు సిలువ క్రాసు. రోడ్డు దాటుట క్రాసు. కినుక వహించినవాడును క్రాసే. కోర్టులో ఎదుటిపక్షపు వకీలు సాక్షి నడుగు ఎదురుప్రశ్నలు క్రాసు. రెండు జాతుల సంకరమువలన పుట్టిన పాడియావు క్రాసు. బట్టను ఏటవాలుగా కత్తిరించి కుట్టిన రవికెకు క్రాసు కటింగు. 1863లో జెనీవాలో పుట్టిన సేవాసంస్థ రెడ్‌క్రాసు. చెక్కు ఎడమ మూలను రెండు గీతలు గీసి, సొమ్ము బ్యాంకు ద్వారానే చెల్లవలెనని కట్టడి చేయుటయు క్రాసే. విచిత్రమేమనగా, ఆ గీతలు రెండును ఒకదానినొకటి ఎన్నడును దాటవు!

ఒక మాటకు ఇన్ని అర్థములుండుట ఇంగ్లీషునకు సంపద. అయితే ఆ మాట మన యింట అడుగిడి దాటుట, అడ్డము, ఏటవాలు, సంకరము, కినుక మున్నగు మాటల నన్నింటిని గుమ్మము వెలుపలికి పంపుచున్నది. మన పిల్లలు రోడ్డును 'క్రాసు చేసితి' మందురు గాని 'దాటితి' మనరు. 'దాటు' అను క్రియ వారి నోట లేకపోయిన, హద్దు దాటుట, గండము దాటుట, మాట దాటవేయుట అనునవియు వారికి అర్థము గావు. ఒక్క మాట పోయిన, దాని వెంట ఒక కుటుంబమే పోవును.

కన్నడ బడికి పంపిన తెలుగు పోవునని మనలో కొందరి భయము. వీధి బోర్డును చూడుడు. అచ్చట కన్నడములో 'అడ్డరస్తె' అని యుండును. గుంటూరు బ్రాడీపేటలో మనవారు అట్టి వీధినే 'అడ్డరోడ్డు' అందురు. 'అడ్డ' ఉభయులదియు. వారి 'హాలు' మన పాలు. వారి 'హులి' మన పులి. మారతహళ్ళిలోని 'హళ్ళి' మన పల్లెయే. కన్నడము నేర్చిన పిల్లవానికి తెలుగు మాటలు మరింత చేరువ యగును.

చిరునామాలో క్రాసు ఉండనిండు. చెక్కు మీద, కోర్టులో ఉండనిండు. వాని చోటు వానిది. ఇంటిలో మాత్రము మన మాటలకు చోటు మనమే ఈయవలెను. రింగు రోడ్డు కడ బిడ్డ చేయి పట్టుకొనినపుడు 'దాటుదము రా, నాయనా' అందము. ఆ మాటకు ఖర్చు లేదు. మనము అననిచో బిడ్డకు దానిని చెప్పువారును ఇచ్చట వేరెవరును లేరు.