మొహానికి పూసే మందు ఎన్నాళ్లు వాడొచ్చు?
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పుల లెక్కలు ఇప్పటిదాకా విన్నాం. మాకిచ్చిన పది నిమిషాల్లో ఒక్క విషయమే చెబుతాం. మొహం మీద ఎగ్జిమా వచ్చి నెలల తరబడి ట్యూబు మందు పూసుకునేవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. "ఇన్నాళ్లు పూస్తే ఏమీ కాదా?" అని మీటింగుల్లో అడుగుతున్నారు. చర్మ డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ఎగ్జిమా అంటే చర్మం ఎర్రబడి, దురద పెట్టి, పొట్టు లేవడం. ఇది అంటుకునే జబ్బు కాదు. ఆ మనిషి పక్కన కూర్చోవచ్చు, కలిసి తినొచ్చు. కొందరికి ఇది పుట్టుకతో వచ్చే చర్మతత్వం. కొందరికి సబ్బు, తలకు వేసే రంగు, బొట్టుబిళ్ల జిగురు పడక వస్తుంది. కలుపు తీసే మన ఆడవాళ్లకు వయ్యారిభామ మొక్క వల్ల కూడా వస్తుంది. దాని పొడి గాలికి లేచి కనురెప్పల మీద, మెడ మీద పడుతుంది. కారణం పోనిదే ఎన్ని ట్యూబులు పూసినా మళ్లీ వస్తూనే ఉంటుంది.

ఇక మందు సంగతి. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అనేవి ఆ పేర్లే. స్టెరాయిడ్ విషం కాదు. డాక్టరు చెప్పిన రకం, చెప్పినన్ని రోజులు వాడితే మంచి మందే. అయితే మొహం చర్మం పల్చన, కనురెప్పలది ఇంకా పల్చన. చేతికి పూసిన దానికంటే మొహానికి పూసినది ఎక్కువగా లోపలికి పోతుంది. అందుకే మొహానికి తక్కువ బలం ఉన్నది, అదీ కొద్ది రోజులే రాస్తారు. బలమైనది నెలల తరబడి పూస్తే చర్మం పల్చబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు వస్తాయి, వెంట్రుకలు మొలుస్తాయి. కంటి చుట్టూ పూస్తూ పోతే శుక్లాలు, నీటికాసులు వచ్చే ప్రమాదం ఉంది.

మా సంఘంలో ఒక చెల్లెలు తెల్లబడతామని ఎవరో చెబితే అలాంటి క్రీము ఏడాది పైన వాడింది. మొదటి నెల మొహం మెరిసింది. ఆ తర్వాత ఒక్కరోజు పూయకపోతే మంట, ఎండలోకి వెళ్తే మంట. మీటింగుకు కూడా మొహానికి కొంగు కప్పుకుని వచ్చేది. ఇది రోజువారీ వడ్డీ అప్పు లాంటిది. ఆ పూటకు అవసరం తీరుతుంది, ఆపుదామంటే ఆపనివ్వదు. డాక్టరు గారు చూసి మందు మార్చాక, తేరుకోవడానికి ఆమెకు నెలలు పట్టింది.

ఇలాంటివి దేశమంతటా పెరిగి, చర్మ డాక్టర్ల సంఘం గట్టిగా అడిగిన తర్వాత, 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. అయినా ఊళ్లలో అమ్ముతూనే ఉన్నారు. కాబట్టి అడగాల్సింది మనమే: "ఇందులో స్టెరాయిడ్ ఉందా?"

మరి ఎగ్జిమా పోతూ వస్తూ ఉంటే ఎక్కువకాలం ఏం పూయాలి? మొదటిది, చర్మం ఎండకుండా చూసుకోవడం. మొహం కడిగి, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ గానీ వ్యాజ్‌లైన్ గానీ రాయాలి. ఇది ఏళ్ల తరబడి రాసినా భయం లేదు. రెండోది, టాక్రోలిమస్ అనే ఆయింట్‌మెంట్. ఇది స్టెరాయిడ్ కాదు, చర్మాన్ని పల్చబరచదు. రెండు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు 0.03 శాతం, పెద్దలకు 0.03 గానీ 0.1 గానీ రాస్తారు. మొదటి కొన్ని రోజులు కొంచెం మండుతుంది, తర్వాత తగ్గుతుంది. తగ్గిన తర్వాత కూడా తిరగబెట్టకుండా వారానికి రెండు రోజులు పూయమని డాక్టర్లు చెబుతుంటారు. దీని కాగితం మీద క్యాన్సర్ హెచ్చరిక చూసి కొందరు తల్లులు పిల్లలకు పూయడం మానేశారు. ఆ హెచ్చరిక అమెరికాలో 2006లో పెట్టారు. ఆ తర్వాత పిల్లలను పదేళ్ల దాకా గమనించిన పరిశోధనలో క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు. అందుకని భయంతో మానొద్దు, డాక్టరును అడగండి. గర్భవతులు, పాలిచ్చే తల్లులు ముందే ఆ సంగతి చెప్పాలి.

సభ్యులంతా గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి. ఒకరి ట్యూబు ఇంకొకరు పూయొద్దు. గుండ్రంగా, అంచు పైకి లేచి పాకే తామరకు స్టెరాయిడ్ పూస్తే పైకి తగ్గినట్టు కనబడి ఇంకా పాకుతుంది. నెలల తరబడి స్టెరాయిడ్ వాడినవాళ్లు తమంతట తాము ఒక్కసారిగా ఆపకుండా, ఆ ట్యూబు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కొలత కూడా తెలుసుకోండి. చూపుడు వేలి కొసనుంచి మొదటి గీత దాకా పిండిన మందు రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. కలుపుకు వెళ్లేటప్పుడు మొహానికి గుడ్డ కట్టుకుని, రాగానే కడుక్కోండి. వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకండి.

వచ్చే నెల సంఘం మీటింగుకు ఎవరి ట్యూబు వాళ్లు తీసుకురండి. మొహానికి వాడేది ఏదైనా సిగ్గుపడకుండా పుస్తకంతో పాటు బల్ల మీద పెట్టండి. ఆశా అక్కతో పేర్లు చదివించుకుందాం. స్టెరాయిడ్ అని తేలినవాళ్లను ఒకరిద్దరం తోడుగా ఉండి ఆసుపత్రికి తీసుకెళ్దాం. అప్పుకు పూచీ పడినట్టే ఆరోగ్యానికీ ఒకరికొకరం పూచీ పడదాం.